పక్క చాటలోకి

మూడో పీఠం బొటనవేలు మళ్ళీ వెనకబడింది. వర్షిణి చేతొడుగులోంచే దాన్ని ముందుకు నెట్టింది. తంతి కాసేపు మొరాయించి, తర్వాత లొంగింది. ఆమె మణికట్టు పట్టీ మీద ఎర్రగీత ఆరిపోయి పచ్చగీత వెలిగింది.

"మూడో పీఠం సగటులో ఉంది," అంది సూత్రి, పీఠాలను కనిపెట్టుకునే యంత్రం, గది కప్పులో ఎక్కడి నుంచో, రోజూ అనే గొంతుతోనే.

వర్షిణి చేతులు బయటికి తీసి, కొంగుకు చెమట తుడుచుకుని, నాలుగో పీఠం వెనక్కి జరిగింది. పొద్దున్నే మొదలుపెట్టినా, సందర్శకులు వచ్చేలోగా ఏనాడూ శ్రుతి పూర్తికాదు. చివరి పీఠానికి వచ్చేసరికి మొదటిది మళ్ళీ తప్పి ఉంటుంది.

గది గుండ్రంగా ఉంటుంది. నేల మీద పన్నెండు పీఠాలు వలయంగా అమర్చి ఉంటాయి. ఒక్కో పీఠం మీద మోచేతుల నుంచి కిందికి రెండు చేతులు. భుజాలు లేవు, ముఖం లేదు. ముందు ఒక చాట. ఆ చేతులు గాజులాంటి పల్చటి పొరను అందుకుంటాయి, అచ్చు పెట్టి కత్తిరిస్తాయి, లేని తంబాకును చిటికెడు చల్లి చుడతాయి, మూతి మడుస్తాయి, దారం తిప్పి చాటలో పడేస్తాయి. చాటలో అవి కొంతసేపు పోగుపడి, తర్వాత అడుగునుంచి నేల కిందికి జారి, విచ్చుకుని, మళ్ళీ పొరలై పైకి వస్తాయి. చుట్టూ నిలబడి చూసేవాళ్ళలో చాలామంది చేత్తో చేసే పనిని ఇంకెక్కడా చూసి ఉండరు. బీడీ అంటే ఏమిటో గోడ మీద రాసి ఉంటుంది. అది చదివి, పిల్లలకు చెప్పి, తర్వాతి గదికి వెళ్ళిపోతారు.

దీని పేరు 'చేతుల కొలువు'. కోరుట్లలో చివరి బీడీ కార్ఖానా మూతపడ్డప్పుడు కౌముది అనే కళాకారిణి అక్కడికి వెళ్ళింది. పన్నెండుమంది ఆడవాళ్ళను ఒక ఇంటి ముందు గుండ్రంగా కూర్చోబెట్టి, చేతులకు సన్నటి తీగల తొడుగులు వేసి, పొద్దుటి నుంచి చీకటిదాకా వాళ్ళు చేసినదంతా చలనపటంగా ఎక్కించుకుంది. ఆ పన్నెండుమందిలో వర్షిణి తల్లి జమున ఒకతె. ఏడో పీఠం ఆమెది. ఉద్యోగంలో చేరేటప్పుడు వర్షిణి ఈ సంగతి దాచలేదు. "మంచిదేగా, పని తెలిసినదానివి," అన్నారు.

ఐదో పీఠం తొందరగానే కుదిరింది. ఆమె ఆరోదాని వెనక కూర్చుని, చేతొడుగుల్లో వేళ్ళు దూర్చి, కళ్ళు మూసుకుంది.

ఆరో పీఠం చేతులు అన్నిటికన్నా వేగం. వాటిలోకి వేళ్ళు పెడితే పారే కాలువలో పెట్టినట్టే ఉంటుంది. నెట్టాల్సిన పని లేదు, వాటి వెంట పోవడమే. పొర, కత్తెర, చిటికె, చుట్టు, మూతి, దారం. అలా నడుస్తూ నడుస్తూ ఉండగా, కుడిచెయ్యి తన పని తాను చేసుకుంటుంటే, ఎడమచెయ్యి చాటలోకి దిగి గుప్పెడు బీడీలు తీసింది. పక్కకు తిరగబోయింది.

పట్టీ మీద ఎర్రగీత వెలిగింది. "ఆరో పీఠం. ప్రయోజనం లేని చలనం," అంది సూత్రి. "నిలపండి."

వర్షిణి మణికట్టు బిగించింది. ఆ చెయ్యి ఆమె చేతిలో ఒక్క క్షణం పెనుగులాడింది. తర్వాత గుప్పిట విప్పి, తీసినవాటిని తన చాటలోనే వదిలేసి, పనిలో పడింది.

"సగటులో ఉంది."

ఈ ఒక్క చలనం మాత్రం ఎన్నిసార్లు నిలిపినా మర్నాటికి మళ్ళీ మొలిచేది. పీఠాలు ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకునేలా కౌముది వాటిని అల్లింది. అందువల్ల ఆరోదాన్ని మరీ గట్టిగా అణిస్తే అది ఐదోదానికో ఎనిమిదోదానికో పాకేది. సూత్రి దానికి 'పార్శ్వ విచలనం' అని పేరు పెట్టుకుంది. అదేమిటో ఎందుకో సూత్రికి తెలియదు. కౌముదికీ తెలియదు.

వర్షిణికి తెలుసు.

ఆ చేతులు రేణక్కవి. జమున బొటనవేలు చిన్నప్పుడు మరమగ్గంలో నలిగి, సగమే వంగేది. వాడలో అందరికన్నా నెమ్మది ఆమెదే. సాయంత్రం బీడీలు లెక్కపెట్టుకునే చెకర్ వచ్చేసరికి ఆమె చాట వెలితిగా ఉండేది. రేణక్క ఎవరి కూతురు ఎవరితో పోయిందో చెబుతూనే, తల తిప్పకుండా, ఎడమచేత్తో గుప్పెడు తీసి జమున చాటలో వేసేది. అటుపక్కనున్న ఆమె ఇంకో గుప్పెడు. ఆ గుంపులో ఎవరి చాట తగ్గినా అంతే. జ్వరమొచ్చిన రోజు రేణక్క చాట కూడా అలాగే నిండేది. ఇచ్చినామె చెప్పేది కాదు, పుచ్చుకున్నామె చూసేది కాదు. రెండో తరగతిలో ఉన్నప్పుడు వర్షిణి పలక దించి గట్టిగా అడిగింది: "అత్తా, నీ బీడీలు మా అమ్మ చాటల ఏస్తున్నవేంది?" అందరూ ఒక్కసారి మాట ఆపేశారు. జమున పిల్ల తొడ మీద గిల్లింది. ఆ రాత్రి అన్నం కలుపుతూ, "గసొంటియి కండ్లకు కనవడ్తయి గని నోటికి రావద్దు," అంది.

అప్పటినుంచి అది వర్షిణి నోటికి రాలేదు. డిగ్రీ పూర్తిచేసి, వాడలో మొట్టమొదటిసారి మెడలో గుర్తింపు బిళ్ళ వేసుకుని ఈ గదిలోకి వచ్చి, సూత్రి మొదటిరోజు "ఇది ఏ చలనం?" అని అడిగినప్పుడు కూడా రాలేదు. "తెలియదు" అనే మీట నొక్కింది. తెలియనిదంతా తప్పు కింద పడుతుందని తర్వాత తెలిసింది.

ఆమె ఏడో పీఠం వెనక్కి జరిగింది. తల్లి చేతులను తొందరపెట్టడం మొదలుపెట్టింది.

*

మధ్యాహ్నం ఎండతెరలు దించి, కళాస్థలం మూసి, నగరమంతా ఉష్ణవిరామంలో ఉండగా తంతులు మార్చే ఇర్ఫాన్ ఏడో పీఠం విప్పి కూర్చున్నాడు.

"చెల్లె, గిది చూడు," అన్నాడు, నూలుపోగులా సాగిన తంతిని వేలికి చుట్టుకుని. "మొన్ననే మార్చిన. రోజు గింత గుంజితే ఏముంటది?"

"సగటుకు రావాలంటే గుంజాలె గద, భాయ్."

"మా అమ్మీ అనేది. ముసలెద్దును పొడిస్తె దున్నదంట, పండుకుంటదంట."

"మీ అమ్మీ ఎద్దులను ఎక్కడ చూసింది, పాతబస్తీల?"

"అరె, అనేది అంటున్న గద. చూసినోళ్ళే అనాల్నా?" ఇర్ఫాన్ నవ్వి, కొత్త తంతిని పంటితో తెంపాడు. "ఇయ్యాలతోటి ఐపోతది తియ్. ముద్ర వడ్డంక నువ్వు గుంజేది లేదు, నేను మార్చేది లేదు. నీది పర్మినెంటు, చల్లింట్ల అమ్మతోటి ఆరామ్."

చల్లిళ్ళు పర్మినెంటువాళ్ళకే ఇస్తారు. భూమిలోకి సగం దిగి, రాత్రీపగలూ ఒకే చల్లదనంతో ఉండే గదులు. ఇర్ఫాన్‌కు రెండు గదులున్నాయి. వర్షిణి ఉండేది హాస్టల్లో. కోరుట్లలో జమున ఉండేది రేకుల కింద. పోయిన ఎండాకాలం ఆ వాడలో కొందరు పెద్దవాళ్ళు కూర్చున్నచోటే పోయారు. రేణక్క అలాగే పోయింది, చాట పట్టుకునే రోజులు పోయాక కూడా వదలని, ఒకప్పుడు అందరూ కూర్చుని బీడీలు చుట్టిన గోడ వారనే.

వర్షిణి డబ్బా తెరిచి రెండు ముద్దలు తిన్నదో లేదో తల్లి ఫోన్ చేసింది.

"తిన్నవానే?"

"తింటున్న. నువ్వు?"

"ఈ ఎండకు ఏం తినవుద్దైతది. గింత గంజి తాగి, తడిబట్ట కప్పుకొని పండుకున్న. కోడి గుడ నా పక్కకే వచ్చి పండుకున్నది, దానికి గుడ సిగ్గు పోయింది." జమున ఆయాసపడుతూనే నవ్వింది. "సరే గని, నా చేతులు ఎట్ల జేస్తున్నయే?"

రోజూ అడుగుతుంది. పొలం పనికి పోయిన మనిషి గురించి అడిగినట్టు.

"మంచిగ జేస్తున్నయమ్మా."

"అవ్వో! నా తాన ఉన్నన్ని రోజులు ఏనాడు మంచిగ జెయ్యలే. నన్నిడిచిపోయినంక పని నేర్సినయా!" మళ్ళీ నవ్వు. "రేణక్కయి పక్కకే ఉన్నయా?"

"ఉన్నయ్."

"పానం పోయింది గని చేతులు పోలే దానియి. ఏం జేస్తున్నయ్?"

వర్షిణి నోట్లో ముద్ద మింగింది. "చుడ్తున్నయ్."

"గంతేనా?"

"గంతే."

అటువైపు కోడి కాబోలు రెక్కలు విదిలించిన శబ్దం వినిపించింది.

"సరే తియ్," అంది జమున. "ఇల్లు ముచ్చట ఏమాయె?"

"పొద్దుమూకితే తెలుస్తది."

"అస్తె మంచిదే. రాకున్నా నేనేం సావ. నువ్వు దానికోసం ఎవ్వల కాళ్ళ మీద పడకు."

ఫోన్ పెట్టేశాక వర్షిణి డబ్బా మూసేసింది. ఇర్ఫాన్ తల ఎత్తకుండా, "అన్నం పారేయకు," అన్నాడు.

*

ఎండ తగ్గాక కౌముది వచ్చింది. యాభై దాటిన మనిషి. జుట్టు కత్తిరించుకుని, మెడకు తడి కండువా చుట్టుకుని ఉంది. వలయం చుట్టూ ఒకసారి తిరిగి, ఎనిమిదో పీఠం దగ్గర నిలబడి, చేతుల కదలికను చూస్తూ ఉండిపోయింది.

"మొదట్లో నేను వీటిని దిద్దవద్దనుకున్నాను, వర్షిణీ," అంది. "ఎవరి చెయ్యి ఎట్లా ఉంటే అట్లా ఉండాలని. కానీ డబ్బు పెట్టే కంపెనీ దాతలకు కావాల్సింది వేరు. ఇన్నేళ్ళు ఈ గది నడిచిందంటే వాళ్ళ దయే."

"తెలుసు మేడం."

"ముద్ర పడగానే ఈ చలనపటం వాళ్ళ ప్యాకింగ్ షెడ్లకు వెళుతుంది. యంత్రపు చేతులకు ఇంకా మనిషి ఒడుపు రాలేదట. ఇక్కడి నుంచి నేర్పిస్తారు. మేడ్చల్ షెడ్డును ఇప్పటికే ఈ గదికి కలిపి ఉంచారు." కౌముది కండువా విప్పి మళ్ళీ చుట్టుకుంది. "కాబట్టి ఇవాళ ఒక్క ఆవృత్తి తప్పు లేకుండా నడిపించు. ఆరోదాన్ని అణిచిపట్టు, ఏడోదాన్ని లాక్కురా. నీ ఇంటి కాగితం మీద నేను సంతకం పెట్టేసే వచ్చాను."

"మర్నాటికి మళ్ళీ రాదు కదా మేడం, ఇవాళ నిలిపింది?"

"ముద్ర తర్వాత ఏదీ రాదు. ఏదీ పోదు. ఇక అదే వాటి స్వభావం."

యంత్రం తనకు తాను ముద్ర వేసుకోకూడదన్నది చట్టం. మనిషి చేతుల గుండా పోయిన చలనానికే ముద్ర పడుతుంది: నిలిపింది చెరిగిపోతుంది, వదిలింది నిలిచిపోతుంది. వలయం మధ్యలో ఉన్న ముద్రపీఠం మీద వర్షిణి కూర్చుంది. అక్కడి చేతొడుగులు పన్నెండు పీఠాలకూ కలుస్తాయి. సూత్రి ఏ పీఠంలో గీత వెలిగిస్తే ఆ పీఠపు చేతులు ఆమె చేతుల్లోకి వస్తాయి. సాయంకాలపు సందర్శకులు గోడల వెంట నిలబడ్డారు. ఇర్ఫాన్ తలుపు దగ్గర పనిముట్ల సంచి మీద కూర్చున్నాడు.

"ఆవృత్తి మొదలు," అంది సూత్రి.

రెండో పీఠం మూతి మడత వదులైంది, బిగించింది. పదోదాని కత్తెర అచ్చు దాటింది, వెనక్కి లాగింది. ఏడోది వచ్చింది. తల్లి బొటనవేలు ఆమె బొటనవేలి మీద ఆనింది, సగం వంగి ఆగింది. వర్షిణి నెట్టింది. కొత్త తంతి కిర్రుమంది. ఇంకొంచెం నెట్టింది. వేలు వంగింది.

"ఏడో పీఠం సగటుకు చేరువలో ఉంది."

రోజూ ఇదే చేసింది. రోజూ చేస్తున్నప్పుడు, రేపు మళ్ళీ వెనకబడుతుందిలే అనుకునేది. రేపు రేణక్క మళ్ళీ పక్కకు తిరుగుతుందిలే అనుకునేది. ఆ ధైర్యంతోనే ఇన్నాళ్ళు నిలిపింది, నెట్టింది. ఇవాళ ఆ రేపు లేదు. రేపు మధ్యాహ్నం అమ్మ చల్లింట్లో ఎదురుగా కూర్చుని "గంతేనా?" అని అడుగుతుంది. "గంతే" అనడం అప్పుడు అబద్ధం కూడా కాదు.

"ఆరో పీఠం," అంది సూత్రి.

ఆమె చేతుల్లోకి ఆ వేగం వచ్చింది. పొర, కత్తెర, చిటికె, చుట్టు. ఎడమచెయ్యి చాటలోకి దిగింది. గుప్పెడు తీసింది. పట్టీ ఎర్రబడింది.

"ప్రయోజనం లేని చలనం. నిలపండి."

వర్షిణి అలిసిపోయింది. మణికట్లు పొద్దుటి నుంచీ సలుపుతున్నాయి. ఒక్కసారి బిగిస్తే అయిపోతుంది. ఇల్లు, చల్లదనం, అమ్మ. ఆమె తల ఎత్తి ఎదురుగా గోడ మీద వెంటిలేటర్‌ను చూడసాగింది. అక్కడ చూడాల్సిందేమీ లేదు. చేతులను మాత్రం వదులు చేసింది.

ఆరో పీఠం ఎడమచెయ్యి పక్కకు తిరిగి, ఏడో చాటలో గుప్పెడు వేసి వచ్చింది.

"నిలపండి," అంది సూత్రి. వెంటనే, "ఎనిమిదో పీఠం. నిలపండి," అంది. ఎనిమిదోది అటు పక్కనుంచి వేస్తోంది. ఏడోదాని బొటనవేలు మళ్ళీ సగమే వంగుతోంది, ఎవరూ నెట్టడం లేదు. పదకొండోది ఒకసారి తడబడితే పన్నెండోది తన చాటలోంచి తీసి దానికి వేసింది. కొన్ని బీడీలు దారిలో జారి నేలమీద పడ్డాయి. సందర్శకుల్లో ఎవరో చిన్నగా "అరె!" అన్నారు. తర్వాతి గదికి పోబోతున్న ఒక కుటుంబం వెనక్కి వచ్చి నిలబడింది.

వర్షిణి వెంటిలేటర్‌నే చూస్తూ కూర్చుంది, ఆవృత్తి పూర్తయ్యేదాకా.

"ముద్ర పడింది," అంది సూత్రి. కొంచెం ఆగి, ఎప్పుడూ అనని మాట అంది: "సగటును మళ్ళీ లెక్క వేస్తున్నాను."

*

సందర్శకులు వెళ్ళాక కౌముది ఏడో పీఠం ముందు నేలమీద చతికిలపడింది. తల్లి చాట నిండుగా ఉంది. కౌముది దాన్నే చూస్తూ, "నీకు ఇది ఏమిటో ముందే తెలుసు," అంది.

"తెలుసు మేడం."

"ఇన్నాళ్ళు నాకెందుకు చెప్పలేదు?"

"అది చెప్పుకునేది కాదు మేడం."

కౌముది చాట అంచు మీద వేలు పెట్టింది. "ఆ రోజు నేను వాళ్ళ మధ్యలోనే కూర్చున్నాను," అంది. "నా కళ్ళముందే జరిగి ఉంటుంది." తర్వాత లేచి, కండువా సర్దుకుంది. "ఇల్లు మాత్రం రాదమ్మా. నా సంతకం ఇక చెల్లదు. బహుశా నా ఈ గది కూడా నిలవదు."

"సరే మేడం."

తలుపు దగ్గర ఇర్ఫాన్ ఫోన్‌లో ఎవరి మాటలో వింటూ, "హా... హా... అరె, నిజమా?" అంటున్నాడు. పెట్టేసి ఇటు తిరిగాడు. "మా బామ్మర్ది. మేడ్చల్ షెడ్డుల యంత్రాలకు కాపలా ఉంటడు. మిషిన్లు పిచ్చిగైనయి బావా అంటున్నడు. ఒక కొసకు అరిగిపోయిన చెయ్యి ఉన్నదంట, రేపు పీకేసేది. పక్క చేతులు తమ డబ్బాలు తీసి దాని ముందట పెడుతున్నయంట. ఆఫ్ చేసి ఆన్ చేసినా మళ్ళ పెడుతున్నయంట. పెద్దసార్లు ఉరుకుతున్నరంట."

కౌముది ఫోన్ మోగడం మొదలైంది. ఆమె తెర వంక చూసి, తీయకుండా, పట్టుకుని బయటికి నడిచింది.

వర్షిణి పట్టీ విప్పింది. మణికట్టు చుట్టూ ఎర్రగా అచ్చు పడి ఉంది. ఇర్ఫాన్ పక్కనే కూర్చుని పనిముట్లు ఒక్కొక్కటే సంచిలో వేసుకుంటున్నాడు.

"మాకు రెండు గదులున్నయి," అన్నాడు పట్టకారును గుడ్డతో తుడుస్తూ, దాన్నే చూస్తూ. "పిల్లలు మా కాడనే పంటరు. ఒకటి ఉత్తగనే ఉంటది. కోరుట్ల బస్సు రేపు పొద్దుగాల ఉన్నది గద."

వర్షిణి వంగి, నేలమీద పడిన బీడీలను ఏరసాగింది. ఇర్ఫాన్ జవాబు కోసం ఆగలేదు. సంచి భుజాన వేసుకుని, "నూనె ఐపోయింది, తేవాలె," అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఫోన్ మోగింది. తల్లి.

"ఇల్లు ఏమాయెనే?"

"రాదంటనే అమ్మా. గని రేపు నేనస్తున్న, తోలుకపోను. బట్టలు సదురుకో."

"ఏడికి?"

"అచ్చినంక చెప్త."

జమున ఆయాసం తీర్చుకుని, "నా చేతులు ఎట్ల జేస్తున్నయే?" అంది.

వర్షిణి పీఠం వైపు చూసింది. "మెల్లగ జేస్తున్నయమ్మా. బొటనేలు వంగుతలేదు." చేతిలోని బీడీలను పక్కన పెట్టింది. "రేణత్త నీ చాటల ఏస్తున్నది."

జమున గొంతు బాగా తగ్గించి, మందలింపుగా అంది:

"గట్టిగ అనకే. చెకర్ ఇంటడు."